అర్జీ పెట్టండి, కానీ ఆ పాఠం ఆపమని కాదు

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా పాప ఏడో తరగతి, బాబు తొమ్మిదో తరగతి. ఇద్దరూ ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదువుతున్నారు. పోయిన వారం ఏఎన్ఎం గారు, ఇంకో మేడమ్ గారు బడికి వచ్చారు. మగపిల్లల్ని గ్రౌండ్‌లోకి పంపేసి ఆడపిల్లలకు నెలసరి గురించి, గర్భసంచి గురించి, ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఏం చేయాలనే దాని గురించి బొమ్మలు చూపించి చెప్పారట. ఆ రాత్రి అందరం అన్నాలు తింటుంటే పాప "అమ్మా, గర్భసంచి నాకు కూడా ఉంటుందా?" అని అడిగింది. మా మామగారు కూడా అక్కడే ఉన్నారు. మా ఆయన కంచం పక్కకు నెట్టి లేచిపోయారు. నాకేం చెప్పాలో తెలియక టీవీ సౌండ్ పెంచాను. "పన్నెండేళ్ల పిల్లకు ఇప్పుడే ఇవన్నీ దేనికి" అని అత్తగారు గోల. వీధిలో ఆడవాళ్లం కలిసి, ఇలాంటి క్లాసులు పెట్టొద్దని హెడ్మాస్టర్ గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. మా ఆయనైతే టీసీ తీసుకుని టౌన్లో ప్రైవేటు బడిలో వేద్దామంటున్నారు. ఇక మగపిల్లలు మర్నాటి నుంచి ఆడపిల్లల్ని "ప్యాడ్ క్లాస్, ప్యాడ్ క్లాస్" అని ఏడిపిస్తున్నారట. మా వాడు కూడా నవ్వాడని పాప చెప్పింది. ఇవన్నీ బడిలో చెప్పాల్సినవేనా? చెబితే పిల్లలు పాడైపోరా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, నేను ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మీకు సలహా చెప్పే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కౌమార దశ పాఠం వచ్చిందంటే నేను పుస్తకం మూసేసేదాన్ని. "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, ఇందులోంచి రెండు మార్కులే వస్తాయి" అనేదాన్ని. వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వులు. నాకేమో గండం గడిచినట్టుండేది. ఒకరోజు సాయంత్రం లాంగ్ బెల్ కొట్టినా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి బెంచీ మీంచి లేవలేదు. అందరూ వెళ్లిపోయాక దగ్గరికి వెళ్లాను. స్కూలు బ్యాగు ఒళ్లో పెట్టుకుని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. "మేడమ్, నాకు లోపల ఏదో తెగిపోయింది" అంది. ఆ పిల్ల పొద్దున్నుంచీ నీళ్లు తాగలేదు, బాత్రూముకు వెళ్లలేదు. చచ్చిపోతానేమోననుకుందట. ఆ పాఠం ఆ పిల్ల చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉంది. చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ ఏడాది నుంచి ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు.

ఇంకో సంగతి చెబుతాను. క్లాస్ టీచరుగా లీవు లెటర్లన్నీ నా టేబుల్ మీదికే వచ్చేవి. ఆడపిల్లల ఉత్తరాల్లో జ్వరం ఎక్కువ. ప్రతి నెలా, ఇంచుమించు అదే తేదీకి, మూడు రోజుల జ్వరం. కింద తండ్రి సంతకం. ఆయనకు తెలుసు, నాకు తెలుసు, పిల్లకు తెలుసు. అయినా అది జ్వరమే.

సరే, మీ విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు కనిపించిన కోపం పాఠం మీద కాదు. మీకు చెప్పకుండా చెప్పారన్న దాని మీద. మీ పిల్లకు ఏం చెప్పారో, ఏ బొమ్మ చూపించారో మీకు తెలియదు. అన్నం దగ్గర పిల్ల నోటి నుంచి విని తెలుసుకోవాల్సి వచ్చింది. తల్లికి ఇది కష్టంగానే ఉంటుంది. ఆ కోపం న్యాయమైనది. దాన్ని పట్టుకుని బడికి వెళ్లండి. కానీ "ఆపేయండి" అనడానికి మాత్రం వెళ్లకండి.

"ఇప్పుడే దేనికి" అంటున్న అత్తగారిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడకు ఎన్నేళ్లకు పెళ్లయింది, మొదటి కాన్పు ఎన్నేళ్లకు అని అడగండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, నిజంగానే అడగండి. ఆ రోజులు పోయాయనుకుంటాం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో ఇది 23.5 శాతం. మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులు, లేదా గర్భంతో ఉన్నారు. తెలిస్తే చెడిపోతారు అంటాం కదా. తెలియకుండానే ఇంతమంది తల్లులయ్యారు.

పైగా మన ఇళ్లల్లో ఇది దాచే విషయమా చెప్పండి! పిల్ల పెద్దమనిషి అయితే ఊరంతా తెలుస్తుంది. తాటాకు చాప, చిమ్మిలి, మేనమామ తెచ్చిన చీర, చివరి రోజు స్నానం. ఇప్పుడైతే ఫంక్షన్ హాలు, డ్రోన్ కెమెరా, సెంటర్లో పిల్ల ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద స్థానిక నాయకుల నవ్వు మొహాలు. నెలసరి వచ్చిందని వెయ్యి మందికి భోజనం పెట్టి చెబుతాం. మరి ఆ కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న పిల్లకు తన ఒంట్లో ఏం జరిగిందో ఎవరు చెబుతారు? "కాకి ముట్టింది, అటు పోకు" అంటాం. ఏ కాకి, ఎందుకు ముట్టింది అని అడిగితే నోర్మూయమంటాం. ఆ ఫంక్షన్లు చేసుకోవద్దని నేననను, నాకూ చేశారు. కానీ అందులో ఒక్క మాట లోటుంది. బడి చెప్పింది ఆ ఒక్క మాటే.

మరి చెబితే పాడైపోతారా? ఈ భయం మీ ఒక్కరిదే కాదు, ఢిల్లీ దాకా వెళ్లిన భయం. 2005లో కేంద్రం ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి బడుల్లో కౌమార విద్య కార్యక్రమం మొదలుపెడితే, 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, గుజరాత్, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు మా బడుల్లో వద్దన్నాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ వద్దనే రాసింది. ఆ కమిటీ అధ్యక్షుడు మన వెంకయ్యనాయుడు గారే. అంత పెద్దవాళ్లు వద్దన్నారు కాబట్టి మీరు అలా అనుకోవడంలో వింతేం లేదు. కానీ ఆ తర్వాత గాలి మళ్లింది. అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలు చూసి యునెస్కో 2018లో మార్గదర్శకాలు సవరించినప్పుడు, ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడటం పెరగదని చెప్పింది. 2020లో కేంద్రమే ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది. బడికి ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మేడమ్, ఒక సారు, శిక్షణ తీసుకుని పదకొండు అంశాలు చెప్పాలి. తిండి, మనసు బాగోగులు, మత్తు అలవాట్లు, ఇంటర్నెట్ జాగ్రత్తలు, వీటితో పాటే ప్రత్యుత్పత్తి ఆరోగ్యం. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఈ చదువు తొమ్మిదో తరగతి నుంచి కాదు, ఇంకా చిన్న వయసు నుంచే ఉండాలని అంది. మీ పాప ఏడో తరగతి. ఏడో తరగతి నుంచే ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఇచ్చే స్వేచ్ఛ పథకం మన రాష్ట్రంలో 2021లో మొదలైంది. ప్యాకెట్ చేతికిచ్చి అదెందుకో చెప్పకపోతే ఎలా?

పాఠంలో రెండో సగం గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే మీరు దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేస్తే అన్నది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లల్ని అడిగింది. 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా చెప్పిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మేవాళ్లు. వేధింపు ఎదురైన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలు. ఈ చివరి మాట మళ్లీ చదవండి. మీ బడిలో ఆ పాఠం జరుగుతున్నంతసేపూ ఆ మగపిల్లలు గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతున్నారు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మగపిల్లల్ని బయటికి పంపడం మర్యాద అనుకుంటారు. దాని ఫలితం మర్నాడు మీ పాప చెవిన పడింది: ప్యాడ్ క్లాస్. తలుపు వేసి చెబితే అది రహస్యం, రహస్యమైతే అది నవ్వులాట. మీ వాడు నవ్వాడంటే వాడు చెడ్డవాడని కాదు, వాడికెవరూ ఏమీ చెప్పలేదని. పోనీ వాడికి అసలు ఏమీ చెప్పేవాళ్లు లేరా? ఉన్నారు. బస్టాండు గోడల మీద, రైలు కట్ట పక్కన నల్ల అక్షరాలతో రాసి ఉంటుంది, బలహీనత, చిన్ననాటి అలవాట్లు, ఫలానా లాడ్జిలో ఫలానా తేదీన డాక్టరు గారు కలుస్తారు అని. మన మగపిల్లలకు తరతరాలుగా ఆ గోడలే మాస్టార్లు. తొమ్మిదో తరగతి పిల్లాడికి నిద్రలో లాగు తడిస్తే, అది జబ్బు కాదు, ఆ వయసులో మామూలే అని చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. తనకేదో రోగం వచ్చిందని లోపల్లోపల కుమిలిపోతాడు. ఇప్పుడు గోడలు చాలక ఫోను ఒకటి. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులని కొనిచ్చిన ఫోను ఇంట్లోనే ఉంది కదా, అందులో ఏం వస్తుందో మనకు తెలియనిది కాదు. మీ ఆయన టీసీ తీసుకుని ప్రైవేటు బడిలో వేస్తే అక్కడ ఈ పాఠం ఎగ్గొట్టొచ్చు. ఫోను మాత్రం ఎగ్గొట్టదు.

మగపిల్లాడికి తెలియాల్సింది ఇంకోటుంది. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకోవడానికి తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిది నిండని పిల్ల శారీరక సంబంధానికి ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చట్టం ముందు చెల్లదు. పదో తరగతి అమ్మాయీ ఇంటర్ అబ్బాయీ ఊరొదిలి వెళ్లారని, నాలుగు రోజుల్లో దొరికారని వింటూనే ఉంటాం. ఆ తర్వాత ఆ అబ్బాయి ఏమయ్యాడో ఎవరూ చెప్పుకోరు. నేను పాఠం చెప్పిన పిల్లాడొకడు అలా, కేసుల్లో ఇరుక్కున్న మైనర్లను ఉంచే అబ్జర్వేషన్ హోంకు వెళ్లాడు. "మాకిది నేరమని తెలీదు మేడమ్" అన్నాడు. చట్టం సంగతి ఆ రోజుల్లో నేను కూడా క్లాసులో చెప్పేదాన్ని కాదు.

ఇక అర్జీ. వీధి ఆడవాళ్లంతా కదలడం చాలా గొప్ప సంగతి, దాన్ని పాడుచేయకండి. కాగితం మీద విషయం మార్చి రాయండి. ఇలాంటి క్లాసు పెట్టే వారం ముందు మాకు కబురు చేయండి, చూపించే బొమ్మలు మాకూ చూపించండి అని అడగండి. మగపిల్లలకు కూడా సారు ఒకరు క్లాసు తీసుకోవాలని అడగండి. చివరి గంటకు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, తోటివాళ్లను ఏడిపించడం గురించి మాట్లాడమనండి. ఆడపిల్లల బాత్రూముకు లోపలి గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, వాడిన ప్యాడ్ వేయడానికి మూతున్న డబ్బా ఉందా అని మీలో ఇద్దరు వెళ్లి కళ్లారా చూసి అది కూడా రాయండి. పాఠం మీద మీకెంత అభ్యంతరం ఉన్నా ఈ గడియ దగ్గర వీధంతా ఒక్కటవుతారు, నాకు తెలుసు.

అలా అడిగే హక్కు మీకుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన ఊళ్లలో ఆ ఆడవాళ్ల సంతకం మొగుళ్లు పెట్టేస్తుంటారు, అది వేరే కథ. మీ కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. 2024 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరుగుతున్నాయి కదా. ముగ్గులు, తాడాట, భోజనాలు అయ్యాక మైకు ఖాళీగానే ఉంటుంది. లేచి అడగండి. అందరి ముందూ మొహమాటమైతే మేడమ్ దగ్గరికి నలుగురు తల్లులు వెళ్లండి. నా అనుభవంలో నలుగురు తల్లులు స్టాఫ్ రూముకు వచ్చి "మాక్కూడా చెప్పండి" అంటే టీచరుకు కొండంత బలం. చాలామంది టీచర్లు ఈ పాఠం వదిలేసేది సిగ్గుతో కాదు, మీలాంటివాళ్లు అర్జీ పెడతారన్న టెన్షన్‌తో.

మీ ఆయన కంచం నెట్టి లేచారన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకు ఆ మాటలు ఏ భాషలో పలకాలో తెలియదు. మనకున్న తిప్పలే ఇవి. ఒంట్లో ఆ భాగాలకు తెలుగులో ఉంటే బూతు, లేకపోతే సంస్కృతం, రెండూ కాదంటే ప్రైవేట్ పార్ట్స్. మధ్యలో ఇంట్లో వాడుకునే మాట లేదు. అందుకే పిల్లలు ఏమైనా జరిగితే "కడుపు నొప్పి" అంటారు. నిజంగా ఎక్కడ నొప్పో చెప్పే మాట వాళ్లకు మనం ఇవ్వలేదు. పుస్తకంలో ఉన్న మాటలే వాడండి: గర్భసంచి, యోని, పురుషాంగం, వక్షోజాలు. మొదటిసారి నోట్లో ముల్లులా ఉంటుంది. నేను అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను, నవ్వకండి. నాలుగోసారికి అది మోకాలు, మోచెయ్యి లాంటి మాటే అవుతుంది. ఆయన్ను పాపతో మాట్లాడమని బలవంతపెట్టొద్దు. బాబుతో మాట్లాడమనండి. ఎదురెదురుగా కూర్చుని కాదు, బండి మీద వెనక కూర్చోబెట్టుకుని పొలం వెళ్తూ. మొహాలు కనబడకపోతే మగవాళ్లు బాగా మాట్లాడతారు. "నా ఈడులో నాకూ ఇలాగే అయ్యేది, నేనూ భయపడ్డాను" అన్న ఒక్క మాట తండ్రి నోటి నుంచి వస్తే వాడు ఇక ఆ గోడల వైపు చూడడు. ఆడపిల్లల్ని ఏడిపిస్తుంటే నవ్వినందుకు మందలించే పని కూడా ఆయనకే వదలండి.

ఒక జాగ్రత్త. పాఠం విన్న పిల్లలు ఒక్కోసారి ఆ రాత్రో, నెల తర్వాతో పాత విషయం ఒకటి బయటపెడతారు. ఫలానా మామయ్య ఇలా చేశాడు అని. మీ పాప అలా చెబుతుందని నేననడం లేదు. కానీ ఏ పిల్ల చెప్పినా "ఛీ, అబద్ధం" అని గానీ, "ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది" అని గానీ అనకండి. చెప్పి మంచి పని చేశావని దగ్గరికి తీసుకోండి. 1098కి ఫోన్ చేయొచ్చు, అది పిల్లల కోసమే ఉన్న నంబరు. తెలిసీ దాచిపెట్టడం పోక్సో చట్టం కింద నేరం. పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలని భయపడతారు కానీ, పిల్ల మాట ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో నమోదు చేసుకోవాలని, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలని, యూనిఫాంలో రాకూడదని ఆ చట్టంలోనే ఉంది. పిల్ల పేరు, ఊరు, ఫొటో ఎక్కడా బయటికి రాకూడదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. పాప అడిగిన ప్రశ్నకు టీవీ జవాబు చెప్పలేదు. అది మీరే చెప్పాలి. దానికి ముహూర్తం అక్కర్లేదు. జడ వేసేటప్పుడు, వెనక నుంచి, మామూలుగా చెప్పండి. "మొన్న అడిగావు కదా, ఉంటుంది తల్లీ. నీకూ ఉంటుంది, నాకూ ఉంది, నాయనమ్మకూ ఉంది. బొడ్డు కింద లోపల, చిన్న జామకాయంత. నువ్వు అందులోనే పెరిగావు. నెలనెలా అందులో మెత్తగా ఒక పొర కడుతుంది, బిడ్డ రాకపోతే అది రక్తంతో పాటు బయటికి వచ్చేస్తుంది. దెబ్బ తగిలి కాదు, ఏదీ తెగిపోయి కాదు. వచ్చిన రోజు నాకు చెప్పు, బడిలో అయితే మేడమ్‌కు చెప్పు. ఆ రోజు నేను తిట్టను, మూలన కూర్చోబెట్టను." ఇంతే. రెండు నిమిషాలు పట్టదు. జడ పూర్తయ్యేలోపు "మరి అన్నకు ఉండదా?" అని తప్పకుండా అడుగుతుంది. అప్పుడు వాణ్ణి కూడా పిలవండి.